పది బస్తాల షాకబ్జర్లు

మా ఇంట్లో గొడవంతా జీపు ఎత్తు పెరగడంతో మొదలైంది. పెంచింది మా ఆయన ఉపేంద్ర. శృంగవరపుకోట బజార్లో మాది కిరాణా కొట్టు. ఈయన గల్లాపెట్టె ముందు కూర్చుని పొద్దస్తమానం ఫోన్లో జీపుల వీడియోలు చూస్తారు, కందిపప్పు అడిగినవాళ్ళకి పెసరపప్పు కట్టి ఇస్తారు. మా మావగారి పాత ఫోర్‌వీల్ జీపుకి కొండదారిలో రాళ్ళు అడుగున తగులుతున్నాయని ఎవరో అన్నారట. అంతే, కమాన్లు మార్పించి, బండిని బెత్తెడు పైకి లేపించి తీసుకొచ్చారు. కమాన్లంటే చక్రాల మీద బండి బరువుని మోసే ఇనప పట్టీల కట్టలు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఆ తర్వాత తెలుసుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని మాత్రం తెలియలేదు.

రాళ్ళు తగలడం మానేశాయి, కాదనను. దానికి బదులు గొయ్యి వచ్చినప్పుడల్లా కింద 'టంగ్' మని చప్పుడు మొదలైంది. బండి అయితే పైకి లేచింది గానీ కుదుపుని మింగాల్సిన పాత షాకబ్జర్లు పాత పొడుగులోనే ఉండిపోయాయి. చక్రం గోతిలోకి జారగానే అవి చివరికంటా సాగి, ఇంక సాగలేక టంగుమంటాయి. ఆ దెబ్బ తిన్నగా బండి నడిపేవాళ్ళ నడుముకి తగులుతుంది. నడిపేది డెబ్భైకి దగ్గరపడ్డ మా మావగారు ధర్మారావు గారు.

ఆయన గురువారం గురువారం ఒక్కరే కొండమీద సంతకి వెళ్తారు. ఇక్కణ్ణుంచి ఉప్పు, ఉల్లిపాయలు పట్టుకెళ్ళి, అక్కణ్ణుంచి చింతపండు, పసుపు కొనుక్కొస్తారు. కొట్టు కొడుక్కి అప్పజెప్పినా గొడౌను తాళంచెవి మాత్రం ఇప్పటికీ ఆయన మొలతాడుకే ఉంటుంది. కొండ సరుకు ఆయనే కొంటారు, ఆయనే దింపించుకుంటారు, ఆయనే అమ్ముతారు. మేమెవరం ఆ గొడౌను గడప తొక్కడానికి లేదు.

టంగుమనడం మొదలైన దగ్గర్నుంచి ఆయన సంత నుంచి వచ్చి జీపు దిగడం ఒక పెద్ద తతంగం అయిపోయింది. ముందు ఒక కాలు, తర్వాత ఒక మూలుగు, ఆ తర్వాత రెండో కాలు. మా అత్తగారు త్రిపురసుందరి గారు వేడి ఉప్పుతో కాపడం పెట్టి పెట్టి విసిగిపోయి, ఒకరోజు అందరి ముందూ తేల్చి చెప్పేశారు.

"ఇంకొక్క గురువారం నడుం పట్టుకుని దిగినారంటే నేనూరుకోను. జీపు అమ్మీస్తాను. సెంద్రశేఖరం అన్నయ్య ఎప్పట్నుంచో అడుగుతన్నాడు."

చంద్రశేఖరం గారిది మా ఎదురు కొట్టు. మావగారూ ఆయనా ఒకే బళ్ళో చదువుకున్నారు, ఒకే పసుపు అమ్ముతారు, ఒకరి వ్యాపారం ఎలా ఉందో ఒకరు చెవులు రిక్కించి వింటుంటారు.

"సంతకి ఎల్లకపోతే నేనేటి సెయ్యాలే?" అన్నారు మావగారు.

"ఇంట్లో కూకోండి. ఫ్యానేస్తాను."

ఆ మాటకి ఆయన మొహం వాడిపోయింది. నాకు జాలేసింది. అత్తగారి మాట తప్పని కాదు. నడుము నడుమే కదా. కానీ ఆ ఫ్యాను కింద ఆయన్ని ఊహించుకుంటే నాకే ఊపిరాడలేదు.

మా ఆయన వెంటనే ఫోను తీసి ఎర్రగా నిగనిగలాడే షాకబ్జర్ల బొమ్మ చూపించారు. "ఇవి ఏయిద్దారమ్మా. గ్యాసు షాకబ్జర్లు."

"గ్యాసా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది. ఆయనగారి నడుం కింద గ్యాసు పెడతావేట్రా?" అన్నారు అత్తగారు.

లోపల ఉండే గ్యాసు వంటింటి గ్యాసు కాదనీ, షాకబ్జర్లో నూనె నురగ కట్టకుండా ఉండటానికనీ ఆయన ఎంత చెప్పినా ఆవిడ వినిపించుకోలేదు. చివరికి అందరం కలిసి గంగరాజు షెడ్డుకి వెళ్ళాం.

గంగరాజు మంచి మెకానిక్కే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. అతని చెవిలో పొద్దున్న పడ్డ మాట సాయంత్రానికి రైల్వేస్టేషన్ దాటిపోతుంది. అతని బావమరిదికి విజయనగరంలో స్పేర్‌పార్టుల దుకాణం ఉంది. అక్కణ్ణుంచి రెండు రకాలు తెప్పించి బల్ల మీద పరిచాడు. రెండూ ఎత్తు పెంచిన బండికి సరిపోయే పొడుగువే.

మావగారు ఒకదాన్ని తీసుకుని కొబ్బరికాయలా చెవి దగ్గర పెట్టి ఊపి చూశారు. కాయలో నీళ్ళు తప్ప మరేమీ వినడం ఆయనకి రాదు గనక మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

"పొడుగు సంగతి నాను సూసుకుంతాను బాబూ," అన్నాడు గంగరాజు. "ఇది గట్టిది, అది మెత్తది. ఏది కావాలన్నది మీరు సెప్పాల. బరువేసుకుని తిరిగితే గట్టివి ఏస్కోవాల. ఖాళీగా తిరిగితే మెత్తవి. బరువు బండికి మెత్తవి ఏస్తే తెప్పలాగ ఊగుతాది. ఖాళీ బండికి గట్టివి ఏస్తే గాడిదలాగ తన్నుతాది. కమాన్లు ఎటూ గట్టివే ఏయించినారు. ఇప్పుడు సెప్పండి, సంతకి ఎన్ని బస్తాలేస్తారు?"

షెడ్డు పక్కనే టీకొట్టు. టీకొట్టు బెంచీ మీద చంద్రశేఖరం గారు. ఆయన టీ తాగడం ఆపి గ్లాసుని గాల్లోనే నిలబెట్టారు.

మావగారు ఉత్తరీయం సర్దుకుని, టీకొట్టుకి కూడా వినపడేట్టు, "పది బస్తాలకి తగ్గేదేటి లేదు. ఎల్లినప్పుడు పది, వచ్చినప్పుడు పది," అన్నారు.

ఇక్కడ మా వ్యాపారస్థుల సంగతి ఒకటి చెప్పాలి. నేనూ ఆ జాతిదాన్నే, మా పుట్టిల్లు చీపురుపల్లి బజారే గనక నాకు చెప్పే హక్కుంది. సరుకు ఎంతుందని అడిగితే మాలో నిజం చెప్పినవాడు లేడు. నిండుగా ఉన్నప్పుడు 'ఏముంది, ఈగలు తోలుకుంటున్నాం' అంటారు. ఈగలు తోలుకుంటున్నప్పుడు 'ఊపిరాడట్లేదు' అంటారు. డాక్టరు ఆకలి ఎలా ఉందని అడిగినా అటూ ఇటూ చూసి గానీ చెప్పరు. కానీ ఆ రోజు నాకు ఈ ఆలోచనే రాలేదు. అడిగింది షాకబ్జర్ల గురించి కదా అనుకున్నాను.

"అయితే గట్టివే," అన్నాడు గంగరాజు.

"ఉండు. మచ్చు సూడకుండా సరుకు కొనడం మా ఇంటా వంటా లేదు," అన్నారు మావగారు. బియ్యం బస్తాలోంచి గుప్పెడు తీసి చూసినట్టు షాకబ్జర్లకి మచ్చు ఎలా తీస్తారో గంగరాజుకి అర్థం కాలేదు. కాసేపు వాదన నడిచాక, గురువారం దాకా బిగించి చూడటానికీ, రంగు పోకుండా ఉంటే మార్చుకోవడానికీ ఒప్పుకున్నాడు.

గట్టివి బిగించారు. మా ఆయన కొట్లోంచి పది బియ్యం బస్తాలు వేయించి, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళో గోతులున్న రోడ్లన్నీ వెతుక్కుని మరీ తిప్పారు. మా ఊళ్ళో వెతుక్కోవడం పెద్ద కష్టమేమీ కాదు. తిరిగొచ్చేసరికి మావగారు ఉయ్యాల దిగినట్టు దిగారు. మూలుగు లేదు. నడుము తిన్నగా ఉంది. మా ఆయన గొప్ప చూడాలి, ఆ షాకబ్జర్లని తనే కని పెంచినట్టు.

అత్తగారు మాత్రం నమ్మలేదు. గురువారం పొద్దున్నే నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "ఝాన్సీ, నువ్వూ ఎల్లు. పసుపుకొమ్ములు కావాలని సెప్పు. నడుం ఎక్కడ పట్టిందో, ఎన్నిసార్లు అబ్బా అన్నారో సూసి నాకు సెప్పు," అన్నారు. కోడలినైన పాపానికి గూఢచారినయ్యాను.

నేను కూడా వస్తానంటే మావగారు కంగారుపడ్డారు. ఎండ అన్నారు, దుమ్ము అన్నారు, కొండమీద కోతులున్నాయన్నారు. ఎక్కి కూర్చున్నాను. వెనకాల పది బస్తాలూ నిండుగా, మూతులు కుట్టి, వరసగా ఉన్నాయి. ఆయన బజారు మధ్యలోంచి నెమ్మదిగా, చంద్రశేఖరం గారి కొట్టు ముందు ఇంకా నెమ్మదిగా, హారన్ కొట్టుకుంటూ పోనిచ్చారు.

ఘాట్ రోడ్డు మీద ఫరవాలేదు. అది వదిలి కొండ సంతకి తిరిగే రాళ్ళదారిలో పడగానే గంగరాజు చెప్పిన గాడిద నిద్ర లేచింది. మొదటి గోతికి నా తల పైనున్న కడ్డీకి తగిలింది. రెండోదానికి మావగారు పళ్ళు బిగించారు. మూడోదానికి వెనకనుంచి ఒక బస్తా ఎగిరొచ్చి నా వీపు మీద పడింది.

ఉల్లిపాయల బస్తా వచ్చి వీపు మీద పడితే నేను ఈ కథ చెప్పడానికి ఉండేదాన్ని కాదు. అది దూదిదిండులా వచ్చి తాకింది. ఒళ్ళోకి లాక్కుని నొక్కి చూశాను. లోపల మడతలు పెట్టిన ఖాళీ గోనెలు. ఇంకోదాన్ని నొక్కాను, అదీ అంతే. పదీ అంతే.

"మావయ్యా," అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ముందు సంతకి ఎల్దాం," అన్నారు.

సంతకి వెళ్ళాక అడగాల్సిన పని లేకపోయింది. సంత మొదట్లోనే రెండు పెద్ద లారీలు నిలబడి ఉన్నాయి. కొండమీది వాళ్ళు చింతపండూ పసుపూ తెచ్చి తిన్నగా వాటి దగ్గరే తూకం వేయించుకుంటున్నారు. ఉప్పూ ఉల్లిపాయలూ అమ్మే వ్యాన్లు మరో పక్క ఉన్నాయి. మా జీపు దగ్గరికి ఎవరూ రాలేదు. మావగారు మాత్రం అలవాటైన చోట జీపు ఆపి, చేతులు వెనక్కి కట్టుకుని, సంతంతా తన సొంతమన్నట్టు నడిచారు. అడుగడుక్కీ పలకరింపులే. ఒకామె బిడ్డని చూపించింది, ఒకాయన పన్ను ఊడిందని చూపించాడు. చివరికి టార్పాలిన్ నీడలో బుట్ట పెట్టుకు కూర్చున్న కూర్మమ్మ అనే ముసలావిడ ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఈ సింతపండు నిరుటిదే కూర్మమ్మా."

"నీ కళ్ళు నిరుటివి సావుకారీ. పండు కొత్తదే."

ఆ ఒక్క బుట్ట చింతపండుకి వాళ్ళిద్దరూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా బేరమాడారు. మధ్యలో ఆవిడ అంబలి పోసింది, ఈయన తాగి, దానికి కూడా వంక పెట్టారు. ఆవిడ బుట్ట ఎత్తుకు వెళ్ళిపోతానని లేచింది, ఈయన జీపు ఎక్కేస్తానని లేచారు, మళ్ళీ ఇద్దరూ కూర్చున్నారు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి మా మావగారు అలా పగలబడి నవ్వడం నేను చూడలేదు. కొట్లో చూసే మనిషి వేరు, ఈ మనిషి వేరు. చూస్తుంటే నాకు సంతోషం వేసింది.

దిగి వస్తున్నప్పుడు ఆయనే చెప్పారు. "కిందటేడు లారీలు పైకి వచ్చీసినాయి. మన బేరం అయిపోనాది. గొడౌన్లో ఏటీ లేదమ్మా. బజార్లోంచి ఖాళీ బండి ఎలగ తోలుకెల్తాను? అందుకే గోనెలు కుట్టించినాను. ఇంట్లో సెప్తే మీ అత్తయ్య కూకోబెట్టీస్తాది. సంతకి రాకపోతే నాకు ఏ వారమో కూడా తెలీదు."

"మరి గంగరాజు అడిగితే నిజం చెప్పొచ్చు కదా మావయ్యా? బస్తాలు లేనందుకే గదా బండి ఇలా తంతోంది?"

"గంగరాజుకా? సెంద్రశేఖరం ముందా?"

నాకు ఒళ్ళు మండింది. పరువు కోసం నడుము విరగ్గొట్టుకునే మనిషిని ఏమనాలి? ఆ కోపంలో ఒక్క మాట అన్నానో లేదో, ఇంకో గొయ్యి వచ్చింది. ఈసారి ఆయన అబ్బా అనలేదు. అనలేకపోయారు.

ఇంటి ముందు జీపు ఆగేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. మావగారు తలుపు పట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని, ఒక్క మూలుగు లేకుండా దిగారు. దిగి, అలాగే వంగి ఉండిపోయారు. లేవడం మా ఆయనా నేనూ కలిసి లేపితే గానీ అవ్వలేదు.

అత్తగారు నన్నేమీ అడగలేదు. ఎదురు కొట్టు వైపు తిరిగి, "సెంద్రశేఖరం అన్నయ్యా! రేపొద్దున్న గంగరాజు షెడ్డుకి రా. బండి సూసుకుందువు గానీ," అని కేకేశారు.

మర్నాడు షెడ్డు దగ్గర తిరునాళ్ళలా ఉంది. చంద్రశేఖరం గారు జీపు చుట్టూ తిరుగుతూ టైర్లు తన్ని చూస్తున్నారు. మా ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. మావగారు స్టూలు మీద ఓ పక్కకి ఒరిగి కూర్చున్నారు. ఆయన పక్కనే నేను. అన్నిటికంటే ఎక్కువ బాధ గంగరాజుది.

"నా షాకబ్జర్ల మీద నింద ఏయకండమ్మా," అన్నాడు అత్తగారితో. "పది బస్తాలకి ఇవే కరెక్టు. మొన్న మీ కళ్ళముందే తిప్పినారు గదా. బండి తన్నిందంటే బరువు లెక్కలోనే తేడా ఉన్నాది." మావగారి వైపు తిరిగాడు. "బాబూ, ఆఖరిసారి అడుగుతన్నాను. నిజం సెప్పండి. మెత్తవి ఇక్కడే ఉన్నాయి, గంటలో మార్చీగలను. ఎన్ని బస్తాలు?"

చంద్రశేఖరం గారు టైరు తన్నడం ఆపేశారు. టీకొట్టు బెంచీ మీద ఒక్కరూ కదల్లేదు.

మావగారి పెదాలు కదిలాయి. 'పది' అనబోతున్నారని నాకు తెలిసిపోయింది. అంటే ఇంక జీపు లేదు, సంత లేదు, ఫ్యాను కింద కుర్చీయే. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మావయ్యా, చెప్పండి!" అని అరిచేశాను.

ఆయన నా వైపు చూశారు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టారు.

పసుపు బేరాల్లో పెద్దవాళ్ళు ఇలా చేసేవారు. నలుగురూ చుట్టూ ఉన్నా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని అంకె చెప్పుకుంటారు, నోట మాట రాదు. ఒక వేలు పడితే ఒకటి, చెయ్యంతా పడితే ఐదు. ఆడవాళ్ళతో ఎవరూ ఆడని బేరం అది. మా ఇళ్ళలో మావగారు కోడలి చెయ్యి పట్టుకోవడమన్నదే లేదు. నేను అయిదు వేళ్ళూ చాచి, ఏది పట్టుకుంటారా అని చూశాను.

ఏదీ పట్టుకోలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి ముడిచి, గుప్పిట మూసి, దాన్ని తన అరచేతిలో పెట్టుకున్నారు.

నేనేదో అబద్ధం అల్లి గంగరాజుకి చెప్పాలని నోరు తెరిచేలోపు తువ్వాలు కిందకి ఇంకో చెయ్యి దూరింది. గాజుల చెయ్యి. అత్తగారిది. ఆవిడా షావుకారి కూతురే, నాలుగో మనిషికి తెలియకూడని లెక్క ఎక్కడ చెప్తారో ఆవిడకీ తెలుసు. ఆ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా గుప్పిట మీద ఆగింది. వేళ్ళ కోసం వెతికింది. దొరకలేదు. మళ్ళీ వెతికింది.

అత్తగారు మావగారి మొహంలోకి చూశారు. ఆయన తల దించుకున్నారు. ఆవిడ కళ్ళు నిండాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే బజారంతా వినపడింది.

"అన్నయ్యా, బండి అమ్మకానికి లేదు. సంతలో పని ఎక్కువయిపోనాది, ఈయనొక్కరి వల్లా అవట్లేదు. వచ్చే గురువారం నుంచి నేనూ ఎల్తన్నాను. ఒరే గంగరాజూ, మెత్తవి బిగించు."

చంద్రశేఖరం గారు మెడ సాచి తువ్వాలు వైపు చూశారు. గంగరాజు పానా చేతిలో పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు.

"అదేటమ్మా, బస్తాలెన్నో ఈయన సెప్పనే లేదు!"

"సెప్పినారు," అన్నారు అత్తగారు, ఆయన చెయ్యి వదలకుండా. "నీకు కాదు."